మైనం తుడిచిన గుడ్డ

మా హార్డ్‌వేర్ అంగడికి జిగురు కోసం వచ్చినవాడు ఒట్టి జిగురుతో తిరిగి వెళ్ళిన రోజు లేదు. దానితోపాటు నా ఉపన్యాసం కూడా పొట్లం కట్టి ఇచ్చేవాణ్ణి. పగిలిన బకెట్టు, ఊడిన చెప్పు, నీళ్ళు కారే ట్యాంకు, విరిగిన కళ్ళజోడు, ఒకసారి బొమ్మల కొలువులో కృష్ణుడి వేణువు. దేన్ని దేనితో అతికించాలో తమిళనాడు ధర్మపురిలో, బస్టాండు పక్క వీధిలో కూర్చుని ముప్పై ఏళ్ళుగా చెబుతున్నాను. చెప్పేదాంట్లో సగం డబ్బా మీద రాసి ఉన్నదే. మిగతా సగం ఎక్కడా రాసి ఉండదు.

ఇంత తెలిసినవాణ్ణి, ఒక తుపాకి చెక్కలో ఏ ఎపాక్సీ పోయాలో తేల్చుకోవడంలో మా మేనకోడలి ఏడాది పాడుచేశాను. తర్వాత ఆ తప్పును ఇంకొకరి నెత్తిన రుద్దాను. మొదటిది చెప్పడం సులభం, నవ్వించుకుంటూ చెప్పవచ్చు. రెండోదాని దాకా మెల్లగా వస్తాను.

ఆ తుపాకి కొన్నది నేనే. పెద్ద వేటగాడిలా ఊహించుకోకండి. అది గాలి తుపాకి. నాళం మడిచి, బటాణీ కన్నా చిన్న సీసపు గుండు పెట్టి కాలుస్తారు. పదేళ్ళ కింద మిద్దె మీద ఆరబెట్టిన వడియాలు కోతులు ఎత్తుకుపోతుంటే, శబ్దానికైనా బెదురుతాయని కొన్నాను. ఒక్క కోతీ బెదరలేదు. ఒక ముసలి కోతి నీళ్ళ ట్యాంకు మీద కూర్చుని, నేను నాళం మడవడానికి పడే అవస్థ చివరిదాకా చూసి, వడియాలు తీసుకుని పోయింది. ఆ తర్వాత తుపాకి అంగడిలో నా కుర్చీ వెనక గోడకు ఆనుకుని నిలబడింది. దాని పని నా పరువు చూసుకోవడం. వచ్చినవాళ్ళు "లైసెన్సు ఉందా?" అని అడిగితే "దానికి రూల్సు వేరే" అనేవాణ్ణి. అబద్ధం కాదు. గాలి తుపాకికి లైసెన్సు అక్కరలేదన్న రూలు కూడా రూలే కదా.

మా చెల్లెలూ బావగారూ పాలకోడు దగ్గర టొమాటో పండిస్తారు. వాళ్ళ అమ్మాయి చదువు కోసం చిన్నప్పటి నుంచి, అంగడి వెనకే ఉన్న మా ఇంట్లో ఉంటోంది. పదమూడో ఏట ఒక సెలవు రోజున ఆ తుపాకి తీసి, మిద్దె మీద అట్టముక్క నిలబెట్టి కాల్చింది. నేను కాల్చినప్పుడు అట్టముక్కకు ఏ హానీ జరిగేది కాదు. ఆమె కాల్చినప్పుడు మధ్యలో చిల్లులు పడ్డాయి. బడిలో డ్రిల్లు మాస్టరు నడిపే రైఫిల్ క్లబ్బులో చేర్చుకున్నారు. రెండేళ్ళు తిరిగేసరికి ఆమె కాల్చిన పది గుళ్ళూ ఒకే చిల్లులోంచి పోయినట్టు ఉండేవి. ఎవరైనా మెచ్చుకుంటే "తుపాకి మంచిది" అనేవాణ్ణి. ఆ మాటలో ఎంత కుళ్ళు ఉందో అప్పుడు నాకు తెలియదు. మా ఆవిడకు తెలుసు. "తుపాకి మంచిదే, కోతుల్ని అడగండి" అనేది.

కిందటేడు నవరాత్రులకు కొంచెం ముందు ఆమె గుళ్ళు చెదరడం మొదలైంది. దసరా అయిన ఆదివారం సేలంలో ఎంపిక పోటీ. అందులో మొదటి నలుగురిని రాష్ట్ర పోటీకి తీసుకుంటారు. వయసును బట్టి ఆమెకు అదే చివరి అవకాశం. ఆ ఏడాది దాటితే పెద్దవాళ్ళ విభాగం, అక్కడ అందరి చేతుల్లో మా కారంత ఖరీదు చేసే తుపాకులు. అందుకని ఇంట్లో రెండేళ్ళుగా టీవీ శబ్దం కూడా ఆమె సాధన చూసుకుని పెంచడమో తగ్గించడమో చేసేవాళ్ళం.

మాస్టరు తుపాకి చూడడానికి అంగడికే వచ్చాడు. భుజానికి ఆనించే చెక్కా, దానిలో కూర్చునే ఇనుమూ కలిసే చోట వేలు పెట్టి, స్క్రూ వదులు చేయమన్నాడు. చేశాను. మళ్ళీ బిగించమన్నాడు. బిగించాను.

"చెక్కలో ఇనుము ఆడుతోంది సార్," అన్నాడు తమిళంలో. "కాల్చినప్పుడల్లా ఒక్కోసారి ఒక్కో చోట కూర్చుంటుంది. అమ్మాయి తప్పేం లేదు. అడుగున ఎపాక్సీతో పరుపులాగా వేయిస్తే కదలదు. క్లబ్బువి ఆరు తుపాకులు ఇట్లాగే ఉన్నాయి. మీది బాగా కుదిరితే అవి కూడా ఆ ఆసారికే ఇచ్చేస్తాను."

మా ఊళ్ళో వడ్రంగిని ఆసారి అంటారు. మాస్టరు చెప్పిన ఆసారి పెన్నాగరం రోడ్డులో ఉంటాడు. మావాళ్ళలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి. నాకన్నా పదేళ్ళు పెద్ద. అయినా నేను నువ్వు అంటాను, అతను మొదలాళీ అంటాడు. ఇక్కడ అంగడి యజమానిని అలాగే పిలుస్తారు.

కాని నేను ఆసారి పేరు సరిగ్గా వినలేదు. ఎపాక్సీ అన్న మాట దగ్గరే నా చెవులు ఆగిపోయాయి. ఈ ఇంట్లో తుపాకి గురించి నాకు తెలిసిన విషయం ఒకటి వచ్చింది, అది ఆమె చేతికి పోయిన మూడేళ్ళ తర్వాత.

గల్లా మీద మూడు రకాలు పెట్టాను. ఒకటి ఐదు నిమిషాల్లో గట్టిపడేది. రెండోది పచ్చగా తేనెలాగా జారేది, రాత్రంతా ఆరితే రాయి. మూడోది ఇనుప రజను కలిపిన బూడిదరంగు ముద్ద, బోరు మోటార్ల రిపేరు వాళ్ళు తీసుకుపోయేది. మూడింటికీ పరీక్ష పెట్టాను. ఒక్కోదానితో రెండేసి ఇనుప బద్దలు అతికించి, ఒక రోజు ఆరనిచ్చి, అంగడి ముందు దూలానికి కట్టి, వాటికి ఇరవై లీటర్ల పెయింటు డబ్బా వేలాడదీశాను. టీ తాగడానికి వచ్చిన ఆటోవాళ్ళు చుట్టూ చేరారు. ఐదు నిమిషాలది నేను డబ్బా మీంచి చెయ్యి తీయక ముందే ఊడింది. బూడిదరంగుది కాసేపు ఆగి ఊడింది. అతికించే ముందు ఆ బద్ద మీది తుప్పు నేను సరిగ్గా గీకలేదు, కాని ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పచ్చది పట్టిన పట్టు వదల్లేదు. డబ్బా పెట్టి, దాని మీద ఇంకో డబ్బా పెట్టి, చివరికి నేనే ఒక చేత్తో వేలాడి చూపించాను.

ఫెవికాల్ కోసం అప్పుడే వచ్చిన ఆసారి సైకిలు స్టాండు వేసి అడిగాడు.

"ఎవుర్ని ఉరి తీయబోతా ఉండారు మొదలాళీ?"

సంగతి చెప్పాను. అతను పచ్చ ట్యూబు పక్కకు నెట్టి, బూడిదరంగు డబ్బా మూత తీసి వేలితో ముద్ద తాకి చూశాడు.

"ఇది చాలు. జారదు, ఎండినాక కుంచించుకోదు. ఇనుముకు మైనం బాగా పూసి, చెక్కలో ఇది వేసి, ఇనుము దాంట్లో కూర్చోబెట్టేది. మర్నాడు స్క్రూలు తీసి ఇనుము పైకి ఎత్తేయాల."

"ఎత్తేస్తే ఊడి రాదా?"

"ఊడి రావాల కదా."

"జిగురు వేసేదే అతకడానికి, ఆసారీ."

"దీన్ని జిగురని ఎవురు చెప్పినారు? ఇనుము కూర్చునేదానికి ఇది ఒక గుంత, అంతే. పెనం మీద దోశ లేసినట్టు లేయాల. లేయకపోతే అది దోశా కాదు, పెనమూ కాదు."

ఆటోవాళ్ళు నవ్వారు. నేను కూడా నవ్వాను. లోపల మండింది. నా దగ్గర ఫెవికాల్ డబ్బా కొనుక్కునే మనిషి, నా గల్లా ముందు నిలబడి, జిగురు గురించి నాకు చెబుతున్నాడు. ముప్పై ఏళ్ళుగా నేను అమ్మింది పట్టు ఒక్కటే. పట్టు వద్దు, వదలడం కావాలి అనే బేరం నా జన్మలో రాలేదు.

దసరాకు ముందు, పూజ ముందు రోజున, ఆసారి మా అంగడి వెనక గదిలో పని మొదలుపెట్టాడు. ఇనుము విప్పి, చెక్క లోపల ఉలితో పలచగా గీకాడు. ట్రిగ్గరు ఉండే పెట్టె కంతలన్నీ మైనంతో పూడ్చాడు. తర్వాత ఇనుము మొత్తానికి మైనం పూసి, గుడ్డతో రుద్ది, మళ్ళీ పూశాడు. మూడుసార్లు. మేనకోడలు పక్కన స్టూలు మీద కూర్చుని చూస్తూనే ఉంది.

"ఈ పొద్దు పోయడానికి లేదమ్మా," అన్నాడు ఆమెతో. "రేపు ఆయుధపూజ, సామాన్లు తాకకూడదు. ఎల్లుండి దశమి పొద్దున మరుపూజ అయినాక మొదటి పని నీదే. శనివారం పొద్దున ఎత్తేస్తే ఆదివారం నువ్వు కాలుస్తావు. మైనం మాత్రం ఎవురూ తాకొద్దు."

ఆయుధపూజ గురించి ఇక్కడివాళ్ళకు చెప్పనక్కరలేదు. మిగతావాళ్ళకు ఒక మాట. నవమి నాడు అంగడిలో ఉన్న ప్రతి పనిముట్టునూ కడిగి, గంధం కుంకుమ పెట్టి, దేవుడి ముందు వరుసగా పెడతాం. స్క్రూడ్రైవరు, సుత్తి, టేపు, త్రాసు, ఆఖరికి మా మోపెడ్ కూడా. మర్నాడు మరుపూజ చేసి తీసేదాకా వాటిని ఎవరూ ముట్టరు. మేకు ఊడినా అలాగే ఉండాలి. అంగడి ముందు గుమ్మడికాయ కొట్టి, వచ్చినవాళ్ళకు బొరుగులు, గుగ్గిళ్ళు పంచుతాం. వీధిలో ప్రతివాడూ పక్క అంగడివాడి పూజ చూసి పోతాడు. అంతకు ముందేడు పక్కనున్న పైపుల అంగడివాడు కొత్త కట్టింగ్ మిషను పెట్టి అందరికీ చూపించాడు.

ఈసారి నా దగ్గర తుపాకి ఉంది. కాని అది ముక్కలుగా ఉంది. చెక్క ఒక చోట, ఇనుము ఒక చోట. అలా పెడితే ఎవరు చూస్తారు?

ఆసారి వెళ్ళాక, మేనకోడలు ట్యూషనుకు పోయింది. పొద్దు వాలుతోంది. నేను వెనక గదిలో కూర్చుని ఇనుము చేతిలోకి తీసుకున్నాను. మైనంతో జిడ్డుగా మెరుస్తోంది. ఈ జిడ్డు మీద ఏం పడుతుంది అనుకున్నాను. ఆసారి తన గుడ్డ బల్ల మీదే మరిచిపోయి వెళ్ళాడు. దానితోనే తుడిచాను. బాగా తుడిచాను. థిన్నరు కూడా తడిపి తుడిచాను. కంతల్లోని మైనం పుల్లతో తవ్వి తీసేశాను. జిగురు ఎంత లోపలికి పోతే అంత పట్టు కదా. తర్వాత పచ్చ ట్యూబులు రెండూ సమంగా పిండి, రంగు ఒకటయ్యేదాకా కలిపి, చెక్కలో పోసి, ఇనుము కూర్చోబెట్టి, స్క్రూలు నా బలమంతా పెట్టి బిగించాను. ఆ పనిలో చాలా సంతోషం కలిగింది. ఆదివారం సేలంలో ఆమె గెలిచాక, "మామ చేతి పని" అని మాస్టరు నలుగురిలో అనడం కూడా అప్పుడే ఊహలో విన్నాను.

గుడ్డను గల్లాపెట్టె కిందికి తోశాను. ఎందుకు తోశానో చెప్పాలి. చేసేది మంచి పనే అని నమ్మినవాడు గుడ్డ దాచడు.

పూజ రోజు పొద్దున మేనకోడలు తుపాకి చూసింది. గంధం, కుంకుమ, చామంతి దండ.

"ఇదేంటి మామా? అతికించేసినారే. ఆసారి తాత రేపు కదా చెప్పింది?"

"నేనే వేసినాను. ముప్పై ఏళ్ళ అనుభవం."

ఆమె అంచు దగ్గర బయటికి పొంగిన జిగురు మీద గోరు నొక్కి చూసింది. కొంచెం దిగింది.

"ఇంకా మెత్తగానే ఉండాది. స్క్రూ తీసి ఒకసారి ఇనుము ఎత్తి చూద్దాం మామా. లేస్తుందో లేదో తెలుస్తుంది."

స్క్రూడ్రైవరు దేవుడి ముందు ఉంది, నుదుటి మీద కుంకుమతో. నేను మా ఆవిడ వైపు చూశాను, ఆవిడే కాదంటుందని. ఆవిడ దీపం సరిచేస్తూ, "పాప అడిగినాక చూసేయండి, దేవుడికి చెప్పుకుంటాను," అంది. జీవితంలో మొదటిసారి నాకు ఆచారం మీద అంత భక్తి కలిగింది. "పూజకు పెట్టినదాన్ని తాకుతారా? మన వంశంలో ఎవరూ చేయలేదు," అన్నాను. మా వంశంలో ఎవరూ తుపాకి అతికించలేదు కూడా. ఎత్తితే మైనం లేని సంగతి బయటపడుతుందన్నది నా అసలు ఆచారం.

ఆ రోజు వచ్చిన నలభై మందీ తుపాకిని చూశారు. పైపుల అంగడివాడు అడవి పంది పడుతుందా అని అడిగాడు. నేను బొరుగుల పళ్ళెం అతని ముందుకు జరిపి మెల్లగా తల ఆడించాను. ఆ తల ఊపుడులో అవును, కాదు రెండూ ఉన్నాయి.

దశమి పొద్దున మరుపూజ కాగానే స్క్రూలు తీశాను. అవి వచ్చాయి. ఇనుము రాలేదు. చెక్క సుత్తితో కొట్టాను. రాలేదు. మేనకోడలు ట్రిగ్గరు మీద వేలు పెట్టి నొక్కింది. అది కదల్లేదు. పచ్చ జిగురు పెట్టెలోకి జారి, లోపలున్న మీటలన్నిటినీ పట్టుకుని రాయి అయిపోయింది. పరీక్షలో నేను వేలాడి చూపించిన జిగురు, నా మాట నిలబెట్టింది.

ఆమె ఏడవలేదు. నన్ను చూసి అడిగింది.

"మైనం ఉండింది కదా మామా?"

రెండో తప్పు ఇక్కడ ఉంది. దాని పొడవు ఒక వాక్యం.

"ఆసారి పూసినానన్నాడు. సరిగ్గా పూయలేదేమో."

అది అనడానికి నాకు ఏ శ్రమా కాలేదు. తడుముకోలేదు కూడా. గిరాకీకి డబ్బా మీది రాత చదివినంత తేలికగా వచ్చింది.

ఆసారి తన ఇంట్లో మరుపూజ ముగించుకుని, చెప్పిన మాట ప్రకారం మొదటి పనికి పది గంటలకు వచ్చాడు. నుదుట కొత్త గంధం. మేనకోడలు తుపాకి అతని చేతికిచ్చి, "తాతా, మైనం పూసినావా?" అని అడిగింది. అతను అంచు దగ్గర గోటితో గీకి, ఇనుమును వెలుగుకు తిప్పి చూశాడు. మూడుసార్లు మైనం పూసిన చేతికి, దాన్ని తుడిచేశారని తెలియడానికి ఎంతసేపు పడుతుంది? నన్ను చూశాడు. నేను అప్పుడే త్రాసు సరిచేయాల్సిన అవసరం వచ్చినట్టు అటు తిరిగాను.

"పూసినట్టే జ్ఞాపకం అమ్మా," అన్నాడు. "వయసైపోయింది. ఎక్కడో వదిలేసినానేమో."

మా ఆవిడ వంటింటి నుంచి అంది. "పెనానికి నూనె రాయకుండా దోశ పోసినట్టుంది." ఎవరిని అందో అడగలేదు.

చెక్క కోసి ముక్కలు చేస్తే తప్ప ఇనుము బయటికి రాదని, ఆ తర్వాత కొత్త చెక్క చెక్కడానికి నెల పడుతుందని ఆసారి చెప్పాడు. ఆదివారానికి మధ్యలో ఒక్క రోజు ఉంది.

మేనకోడలు క్లబ్బు తుపాకి ఒకటి అడిగి తీసుకుంది. అది ఆమె చేతికి పొడుగు, పైగా అందులోనూ ఇనుము ఆడుతోంది. సేలంలో నేను వెనక బెంచీ మీద కూర్చుని చూశాను. ఒక్కో గుండుకూ ఆమె భుజం సర్దుకుంటోంది, చెంప ఆనించే చోటు వెతుక్కుంటోంది. మూడేళ్ళు ఒకే చెక్కకు అలవాటుపడిన చెంప అది. పేర్లు చదివినప్పుడు ఆమెది ఏడోది. నలుగురే కావాలి. ఆమె తుపాకి సంచీలో పెట్టి జిప్పు మూసి, "పోదాం మామా," అంది.

తిరుగు దారిలో తొప్పూరు కనుమలో లారీ ఒకటి అడ్డం తిరిగి, బండ్లన్నీ ఆగిపోయాయి. మిట్ట మధ్యాహ్నం. ముందు సిమెంటు లారీ, వెనక బస్సు. కారులో మేమిద్దరమే. ఆమె కిటికీలోంచి చూస్తూ మామూలు గొంతుతో అంది.

"రేపు మాస్టరుకు చెప్పాల. క్లబ్బు తుపాకులు ఆసారి తాతకు ఇయ్యొద్దని. పాపం, ముసలాయన, తిట్టడానికి మనసు రాలేదు. కానీ ఇంకో ఆరుమంది నాలాగా కాకూడదు."

నేను ఏసీ కొంచెం పెంచాను. అది ఒక ప్రయత్నం. ముందున్న లారీ నంబరు చదివాను. అది ఇంకొకటి. కదలడానికి దారి ఉంటే ఆ రోజు కూడా తప్పించుకునేవాణ్ణేమో, నా మీద నాకు అంత నమ్మకం ఉంది.

"ఆసారి పూసినాడు," అన్నాను. "మూడుసార్లు పూసింది నువ్వే చూసినావు. నేను తుడిచేసినాను."

ఆమె తల తిప్పింది.

"ఏంటికి?"

"పట్టు పోతుందని. పూజకు తుపాకి కావాల్సింది. తర్వాత నువ్వు అడిగినప్పుడు భయమేసింది."

"పూజ రోజు పొద్దున నేను ఎత్తి చూద్దామన్నానే. అప్పుడు తెలుసునా నీకు?"

"తెలుసు."

"అప్పుడు ఇంకా మెత్తగా ఉండింది మామా."

వెనక బస్సువాడు హారను కొట్టాడు. ఎవరూ కదల్లేదు. ఆమె ఏదో పెద్ద మాట అంటుందని కాచుకున్నాను, అంటే కొంచెం తేలిక పడవచ్చని. ఆమె ఆ ఉపకారం చేయలేదు. సిమెంటు లారీ వైపే చూస్తూ అడిగింది.

"దేంతో తుడిచినావు?"

"గుడ్డతో."

"ఎక్కడుంది అది?"

"గల్లాపెట్టె కింద."

"రేపు దాన్ని తీసుకుని క్లబ్బుకు రా. మాస్టరు ముందర, ఆసారి తాత ముందర, నాకు ఇప్పుడు చెప్పింది వాళ్ళకు చెప్పు. నేను చెప్పను. నువ్వే చెప్పాల."

ముందున్న సిమెంటు లారీ కదిలింది. నేను గేరు వేశాను.

మర్నాడు వెళ్ళాను. దారి పొడుగునా నా వాక్యాలు సిద్ధం చేసుకున్నాను. వాటిలో "అపార్థం" అనే మాట రెండుసార్లు, "సదుద్దేశం" ఒకసారి ఉన్నాయి. బడి మైదానం చివర, అట్టలు నిలబెట్టే గోడ పక్కన, మాస్టరూ ఆసారీ నిలబడి ఉన్నారు. మేనకోడలు కొంచెం దూరంలో చేతులు కట్టుకుని ఉంది. ఆ చేతులు చూశాక సిద్ధం చేసినవి పనికిరాలేదు. గుడ్డ బయటికి తీసి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆసారిని మొదటిసారి మీరు అన్నాను. అది ఇద్దరికీ ఇబ్బందిగానే ఉండింది.

ఆసారి గుడ్డ అందుకుని విప్పి చూశాడు.

"ఇది నా గుడ్డ. పోయిందనుకుంటిని. ఇంట్లో దానికోసం నా భార్య రెండు రోజులు తిట్టింది, ఆమె చీర ముక్క ఇది."

మాస్టరు నవ్వు ఆపుకోలేకపోయాడు. నేను అడిగాను, ఆ రోజే తెలిసి ఎందుకు చెప్పలేదని.

"పాప రెండు దినాల్లో పోటీకి పోవాల. ఉండేది మీ ఇంట్లో. మీ మీద కోపంతో పోయి తుపాకి పట్టుకుంటే చెయ్యి నిలుస్తుందా? నా మీద కోపమైతే పరవాలేదు, నేను ఆమె కంటికి కనబడను కదా," అన్నాడు. తర్వాత గుడ్డ మడిచి భుజాన వేసుకుని, "ఇంకో వారం చూసి నేనే వచ్చి అడుగుదామని ఉంటిని మొదలాళీ. ఊరికే వదిలేది లేదు," అన్నాడు.

క్లబ్బు తుపాకులు ఆరూ అతనికే ఇచ్చారు. బూడిదరంగు ముద్ద నా అంగడి నుంచే తీసుకున్నాడు. నేను ఏ సలహా ఇవ్వలేదు. ఆరింటికీ ఇనుము దోశలాగే లేచిందని మాస్టరు చెప్పాడు.

మా తుపాకి చెక్కను ఆసారి రంపంతో కోసి, ఉలితో పెచ్చులు పెచ్చులుగా తీసి ఇనుము బయటపెట్టాడు. ట్రిగ్గరు పెట్టె విప్పి మీటలు గీకి శుభ్రం చేయడానికి మూడు వారాలు పట్టింది. జిగురు నాణ్యత మీద ఆ మూడు వారాలూ అతని దగ్గర చాలా మాటలు విన్నాను. కొత్త చెక్క టేకుతో, ఆమె భుజం కొలిచి చేశాడు. ఈ ఏడు ఆమె పెద్దవాళ్ళ విభాగంలో, ఖరీదైన తుపాకుల మధ్య, దానితోనే కాల్చాలి. గెలుస్తుందో లేదో తెలియదు. కిందటేడు నలుగురిలో చోటు తప్పక దొరికేది అన్న మాట మా ఇంట్లో ఎవరూ అనరు. అనకపోవడం నాకు వినబడుతూ ఉంటుంది.

ఇప్పుడు అంగడికి వచ్చి బాగా పట్టు ఉండేది ఇవ్వండి అంటే, "మళ్ళీ ఊడదీయాల్సిన పని ఉందా?" అని అడుగుతున్నాను. మొన్న ఒక ఆటో అతను, "ఏంటి మొదలాళీ, జిగురు అంగట్లో ఊడేది అమ్ముతా ఉండారా?" అని పక్క అంగడికి పోయాడు.

ఇదంతా తెలుగు అక్షరాల్లో రాశాను. మా తాత నేర్పించిన అక్షరాలు, ఇంట్లో నేను తప్ప ఎవరూ చదవలేరు. తప్పు ఒప్పుకోవడానికి అంతకన్నా సురక్షితమైన చోటు లేదని రాస్తుండగా తోచింది. అందుకని మేనకోడలిని కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించాను. ఆమె రెండు చోట్ల ఆపింది. పెయింటు డబ్బా పరీక్షలో నేను వేలాడలేదట, ఒక కాలు నేల మీదే ఉండిందట. ఆ రోజు ఆటోవాళ్ళతోపాటు ఆమె కూడా చూసిందట. రెండోది, ఆమె కారులో అన్న మాట మెత్తగా అన్నట్టు రాశానట. మెత్తగా అనలేదట.

కొత్త చెక్కలో ముద్ద వేసిన రోజున ఆసారి డబ్బా మూత తీస్తుండగా, నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. మేనకోడలు వచ్చి ఇనుమూ, మైనపు ముక్కా నా చేతుల్లో పెట్టింది. గుడ్డ ఇవ్వలేదు. గుడ్డ ఆసారి భుజం మీద ఉంది. నేను పూశాను. ఆమె వేలితో ఇనుము పొడుగునా రాసి చూసి, అడుగు భాగం చూపించి, "ఇంకోసారి," అంది. మళ్ళీ పూశాను. మళ్ళీ చూసింది. ట్రిగ్గరు పెట్టె కంతల దగ్గర చూపుడు వేలు ఆపి, నా వైపు చూడకుండా, "ఇక్కడ," అంది.

మైనం గోటితో తుంచి ఒక్కో కంతా పూడ్చాను.